తెర ముందు జడ, తెర వెనక మద్దెల

భామాకలాపం మొదలవగానే సత్యభామ కనిపించదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న గుడ్డ తెర కనిపిస్తుంది. దాని వెనక గజ్జెలు కదులుతాయి. కాసేపటికి తెర మీదుగా ఒక పొడవాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. ఈ జడకు దీటైన ఆట ఆడగలవాళ్లెవరైనా ఉంటే ముందుకు రండని సభకు విసిరిన సవాలు అది. కూచిపూడి వాళ్ల పుణ్యమా అని ఆ జడ పేరు దేశమంతా పాకింది. అదే సత్యభామ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లోనూ తరాల తరబడి ఆడింది, అలిగింది, కృష్ణుడికి ఉత్తరం రాసి పంపింది. ఇక్కడ మాత్రం ఆమెను నడిపించింది మద్దెల.

కోస్తాలో గోదావరి దాటి పైకి వెళ్లేకొద్దీ ఆ దిక్కును జనం తూర్పు అంటారు. మ్యాపులో అది ఈశాన్యం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు మిగతా కోస్తా వాళ్లకు ‘తూర్పోళ్లు’. అందుకే ఇక్కడి ఆటకు తూర్పు భాగవతం అని పేరు. ఆడేవాళ్లకూ చూసేవాళ్లకూ అది ఒట్టి ‘భాగోతం’. ఇందులో ఆడవేషం కట్టేది మగవాళ్లే. కూచిపూడిలో ఆట ఒక అగ్రహారపు బ్రాహ్మణ కుటుంబాల చేతుల్లో పెరిగింది. తూర్పున అలా కాలేదు. పొలం పనులు చేసుకునేవాళ్లు, చేతివృత్తుల వాళ్లు, వేరువేరు కులాల వాళ్లు ఇక్కడ గజ్జె కట్టారు. పగలు నాగలి పట్టినవాడే రాత్రి సత్యభామ.

కథ పెద్దదేమీ కాదు. అందంలోనూ ప్రేమలోనూ తనకు సాటి లేరనుకునే భామ కృష్ణుడితో మాట పట్టింపుకి పోతుంది. ఆయన వెళ్లిపోతాడు. విరహం, ఉత్తరం, చెలికత్తె మాధవి రాయబారం, సవతి ఊసు, చివరికి రాజీ. ముక్కు తిమ్మన పారిజాతాపహరణం నాటినుంచే ఈ అలక తెలుగువాడికి ఇంటి కథ. సిద్ధేంద్ర యోగి పేరుతో కూచిపూడి దాన్ని కలాపంగా కట్టుకుంది. ఇంత చిన్న కథతో రాత్రంతా ఎలా ఆడతారని ఎవరికైనా అనుమానం రావచ్చు. జవాబు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి వచనంలో. భామ ఒక దరువు పాడి ఆగితే మాధవి అడ్డం తగులుతుంది, ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది. ఆ సంభాషణకు హద్దు లేదు. ఊరి యాస, ఊరి సంగతులు, ఎదురుగా కూర్చున్నవాళ్ల మీద చమత్కారాలు అన్నీ అందులో ఇముడుతాయి. రెండోది మద్దెల. ఒక దరువు ముగిశాక జతి అందుకుంటారు. ఆ జతి ఎంతసేపు సాగాలో పుస్తకంలో రాసి ఉండదు. వాయించేవాడి చేతికీ ఆడేవాడి కాలికీ మధ్య తేలాల్సిన లెక్క అది. భామ వేసిన అడుగుకు మద్దెల బదులు చెబుతుంది, మద్దెల వేసిన ముడిని భామ కాలితో విప్పుతుంది. వంత పాడేవాళ్లు వెనక నిలబడి పల్లవిని వదలకుండా పట్టుకుంటారు. కథ నిలిచిపోయినట్టే ఉంటుంది, కానీ చూసేవాళ్లెవరూ లేచి వెళ్లరు.

ఊరూరా తిరిగే ఆటకు ఇది ఎంతో అవసరం. ఒక ఊళ్లో జనం సాహిత్యం కోరతారు, ఇంకో ఊళ్లో నవ్వు కోరతారు, మూడో ఊళ్లో మద్దెల పోటీ కోరతారు. మేళం ఏ ఊరికి తగ్గ భామను ఆ ఊళ్లో కట్టాలి. ఇవాళ నాట్యాచార్యుడు ఒక పాత రచనను తీసుకుని కొత్త రూపం కట్టి పది పట్టణాలు తిప్పితే ‘పునఃసృష్టి’ అంటున్నాం. భాగోతం మేళాలు ప్రతి రాత్రీ చేసిన పని అదే. వాళ్లు ఆ మాట వాడలేదు, అంతే. తూర్పు భాగవతాన్ని కూచిపూడికి మోటు చెల్లెలుగా చూసే అలవాటు మన పండితుల్లో చాలాకాలం ఉంది. అది అన్యాయం. ఒకే కథను పట్టుకుని రెండు నేలలు రెండు దారుల్లో ఆలోచించాయి. ఒకటి అభినయం మీద, రెండోది తాళం మీద మనసు పెట్టింది.

ఉత్తరాంధ్రలో పాత కథను కొత్తగా చెప్పబోయినవాళ్లను వరసగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. వాళ్లు ముందు కథ నడకను మార్చారు. మాటలు ఆ తర్వాత వచ్చాయి.

ఆ వరసలో అందరికంటే ఎత్తుగా కనిపించే మనిషి ఆదిభట్ల నారాయణదాసు. 1864 ఆగస్టు 31న బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టారు. అసలు పేరు సూర్యనారాయణ. చిన్నప్పుడే పోతన భాగవతం పద్యాలు నోటికి వచ్చేశాయని చెబుతారు. చదువుకని విజయనగరం చేరిన ఆ కుర్రవాడు 1883లో, పందొమ్మిదేళ్ల వయసులో, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథ చూశాడు. అప్పటికి హరికథ దక్షిణాదిలో కొత్త కళ. మరాఠీ కీర్తన సంప్రదాయం తంజావూరు మరాఠా రాజుల వెంట దిగివచ్చి అరవ నేలలో కథాకాలక్షేపంగా మారింది. తంజావూరు కృష్ణ భాగవతార్ దానికి ఒక కచేరీ రూపం ఇచ్చారు. ఆ రూపాన్ని చూసిన సూర్యనారాయణ అలాంటిదే తనూ చేయాలనుకున్నాడు. చేసింది మాత్రం అలాంటిది కాదు.

దాసుగారి హరికథలో ఒక్కడే మనిషి. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. అంబరీషుడూ ఆయనే, దుర్వాసుడూ ఆయనే. గజేంద్రుడూ ఆయనే, మొసలీ ఆయనే. రుక్మిణి సిగ్గుపడితే ఆయనే సిగ్గుపడాలి, కృష్ణుడి రథం కదిలితే ఆయనే కదలాలి. పద్యం చదువుతూ, కీర్తన పాడుతూ, మధ్యలో వచనంతో కథ నడుపుతూ, నిలబడిన చోటే నర్తిస్తూ ఒక మేళం మొత్తాన్ని ఆయన ఒక ఒంట్లోకి కుదించారు. భాగవతానికి పదిమంది కావాలి, బండెడు సామాను కావాలి. హరికథకుడికి పక్కవాద్యాలుంటే చాలు. రైళ్లు వస్తున్న కాలంలో ఆ కుదింపు కళను ఎంత దూరమైనా తీసుకుపోయింది. దాసుగారి గజ్జెలు విజయనగరం దాటి మద్రాసు, బెంగుళూరు, మైసూరు దాకా వినిపించాయి.

కుదించినంత మాత్రాన చిన్నదైపోలేదు. యక్షగానపు దరువులు, శాస్త్రీయ సంగీతపు రాగాలు, సంస్కృత సమాసాలు, పల్లె పలుకుబళ్లు అన్నీ అందులో చేరాయి. రామాయణాన్ని యథార్థ రామాయణం పేరుతో హరికథల వరసగా చెప్పారు. గౌరప్ప పెండ్లిని పూర్తిగా అచ్చతెలుగులో రాశారు. సంస్కృతంలోనూ హరికథలు రాశారు. తొంభై రాగాలు వచ్చేట్టు దశవిధ రాగ నవతి కుసుమ మంజరి కట్టారు. కాళిదాసునూ షేక్‌స్పియర్‌నూ పక్కపక్కన పెట్టి నవరస తరంగిణి రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచి సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. పాత గ్రంథం ఎదురైతే దాన్ని భద్రంగా అలమారలో దాచడం ఆయన స్వభావం కాదు. తన నోట, తన కాలి నడకలో అది ఎలా పలుకుతుందో చూడాలి.

ఆ నడకే ఆయనకు లయబ్రహ్మ అన్న పేరు తెచ్చింది. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు తాళాలు, తలతో ఐదోది. ఐదింటినీ ఏకకాలంలో నడిపేవారని, అందుకే పంచముఖి పరమేశ్వరుడు అన్నారని ఇప్పటికీ విజయనగరంలో సంగీతం తెలిసిన ఇళ్లలో చెప్పుకుంటారు. విన్నవాళ్లకు అది గారడీలా తోచవచ్చు. కాస్త ఆలోచిస్తే అది భాగోతం లెక్కే. మద్దెల వాయించేవాడు, ఆడేవాడు, వంత పాడేవాడు పంచుకునే కాలాన్ని ఒక్కడే మోస్తున్నాడు. ఊరి మేళం ఆయనలో కూర్చుని ఉంది.

అప్పటి విజయనగరం కూడా ఇందుకు తగిన ఊరే. ఆనంద గజపతి ఆస్థానంలో సంగీతం, వేదం, ఇంగ్లీషు, నాటకం ఒకే కప్పు కింద ఉన్నాయి. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే, జగన్నాథ విలాసినీ సభ వాళ్ల చేతుల మీదుగా. గురజాడ పాత సమాజాన్ని నిలదీయడానికి వాడుకభాషలో కొత్త నాటకం రాశారు. నారాయణదాసు పాత కథకే కొత్త ఒళ్లు తొడిగారు. ఇద్దరూ ఒకే రాజుగారి కొలువులో ఒకే కాలంలో మసిలారు. ఇద్దరి మార్గాలనూ కలిపి చదివితే ఆ పట్టణం ఎంత ఉక్కపోతగా, ఎంత ఉత్సాహంగా ఉండేదో తెలుస్తుంది.

1919లో విజయనగరంలో విజయరామ గాన పాఠశాల మొదలైంది. తొలి అధ్యక్షుడు నారాయణదాసు. వయొలిన్ ఆచార్యుడిగా ద్వారం వెంకటస్వామి నాయుడు వచ్చారు, 1936లో దాసుగారి తర్వాత అధ్యక్ష పదవి కూడా ఆయనకే వచ్చింది. ఊరూరా తిరిగే విద్యకు అలా ఒక గోడా, ఒక గంటా, ఒక హాజరుపట్టీ ఏర్పడ్డాయి. ఇవాళ ఆ కళాశాల పేరులో సంగీతం పక్కన నృత్యం కూడా చేరింది.

ఆ బడిలో పాఠం చెప్పినవాళ్లలో సాలూరు నుంచి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి ఒకరు. సాలూరు చిన్న గురువుగారని జనం పిలుచుకునేవారు. హార్మోనియం తనే వాయించుకుంటూ పాడడం ఆయన పద్ధతి. 1930ల చివర్లో ఇంట్లో చెప్పకుండా బయల్దేరి వచ్చిన ఒక కుర్రవాడు, వారాలు చేసుకుంటూ, మధూకరం ఎత్తుకుంటూ ఆయన దగ్గర పాట నేర్చుకున్నాడు. అతని పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఈ సంగతి తెలుగువాళ్లకు బాగా తెలుసు. గురువుగారి కొడుకు పట్రాయని సంగీతరావు గురించి తెలిసింది తక్కువ. మన కథ ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చి ఆగాలి.

సంగీతరావు 1920లో పుట్టారు. తండ్రి దగ్గర పాడడం నేర్చుకుని మద్రాసు చేరి, ఘంటసాలకు సినిమా సంగీతంలో సహాయకుడిగా ఏళ్ల తరబడి పనిచేశారు. ఘంటసాల 1974లో పోయారు. అదే మద్రాసులో వెంపటి చినసత్యం 1963లో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఉంది. చినసత్యం కూచిపూడి గ్రామంలో పుట్టినవారు, యువకుడిగా మద్రాసు వచ్చి సినిమాల్లో నృత్యాలకు పనిచేసి, తర్వాత పూర్తిగా నాట్యానికే అంకితమైనవారు. తన ఊరి ఆట పట్నపు ప్రేక్షకుడికి ఎందుకు పట్టడం లేదో ఆయన గట్టిగా ఆలోచించారు. రాత్రంతా సాగే ఆటను రెండు గంటల నృత్యనాటకంగా మలిచారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, రుక్మిణీ కల్యాణం, హరవిలాసం, పద్మావతీ శ్రీనివాసం, రామాయణం, మేనకా విశ్వామిత్ర వంటివి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రవీంద్రనాథ ఠాగూరు 1933లో నాటకంగా రాసి 1938లో నృత్యరూపం ఇచ్చిన చండాలికను కూడా ఆయన తెలుగులోకి తెచ్చారు. మాటలకు ఎస్.వి. భుజంగరాయశర్మ ఉన్నారు. వీటిలో ఎన్నింటికో పాట కట్టింది సాలూరు సంగీతరావు.

ఇది ఎంత పెద్ద పనో తెలియాలంటే ఏం మారిందో చూడాలి. పాత భామాకలాపంలో భామ వేషధారే పాడేవాడు, మాట్లాడేవాడు. ఊపిరి సరిపోకపోతే జతి చిన్నదయ్యేది, గొంతు బాగున్న రోజు దరువు పెద్దదయ్యేది. ఆట పొడవు ఆడేవాడి ఒంట్లో ఉండేది. చినసత్యం నృత్యనాటకంలో పాట నర్తకి గొంతులోంచి జారి రంగస్థలం పక్కన కూర్చున్న గాయకుల దగ్గరికి వెళ్లింది. నర్తకి పెదవి కదుపుతుంది, అంతవరకే. ఒంటికి పాట బరువు తగ్గింది కాబట్టి గెంతులు, చుట్లు, బృందంగా కదిలే వరసలు, వేగం సాధ్యమయ్యాయి. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వేదిక మీదికి వచ్చారు, మగవాడు భామగా కనిపించే కాలం మెల్లగా వెనక్కి జరిగింది. వేదాంతం సత్యనారాయణశర్మ లాంటి మహానటుడు భామగా జనాన్ని మరిపిస్తూ ఉండగానే ఈ మార్పు జరిగిపోయింది.

పాట బయటికి వెళ్లాక దాన్ని ముందే కొలిచి కట్టాలి. ఎన్ని ఆవర్తాలు, ఎక్కడ కాలం మారాలి, తెర ఎప్పుడు పడాలి, వెలుగు ఎప్పుడు మారాలి అన్నీ ముందే తేలాలి. రాత్రి నిడివి ఉన్న విరహాన్ని ఐదారు నిమిషాల్లో వినిపించాలి. అలా వినిపించినా తొందర కనిపించకూడదు. సినిమాలో దృశ్యానికి తగ్గట్టు పాటను కొలవడం ఏళ్ల తరబడి చూసిన చెవి ఆ పనికి కుదిరింది. తండ్రి దగ్గర నేర్చిన శుద్ధమైన గానం ఆ కొలతను పొడిబారకుండా కాపాడింది. ప్రేక్షకుడికి నర్తకి పేరు గుర్తుంటుంది, గురువు పేరు గుర్తుంటుంది. పాట కట్టినవాడి పేరు కరపత్రం మడతలో మిగిలిపోతుంది. చినసత్యం నాటకాల్లో సగం బలం ఆ పాటలదని చెప్పడానికి వెనకాడక్కర్లేదు. పునఃసృష్టి అన్న మాటకు నాట్యాచార్యుడు ఒక్కడే హక్కుదారు కాడు.

మద్రాసులో అప్పటికే ఒక నమూనా ఉంది. రుక్మిణీదేవి అరండేల్ 1936లో మొదలుపెట్టిన కళాక్షేత్ర భరతనాట్యంలో నృత్యనాటకాలు తయారుచేసి రామాయణాన్ని భాగాలుగా ఆడింది. చినసత్యం ఆ వాతావరణంలోనే పని చేశారు. అయితే ఆయన చేతిలో ఉన్నది పుట్టుకతోనే నాటకమైన కళ. దాన్ని నాటకంగా మార్చక్కర్లేదు, పట్టణానికి తగ్గట్టు బిగించాలి. ఆ బిగింపులో పోయినదీ ఉంది. మాధవి పరిహాసం చాలావరకు పోయింది. ఊరికో తీరుగా మారే వచనం పోయింది. ఏ ఊళ్లో ఆడినా ఒకే పారిజాతం. దూర దేశాలు తిరగాలంటే అలా ఉండక తప్పదు. తెలుగు రాని ప్రేక్షకుడికి చమత్కారపు మాట కంటే కాలి వేగమే త్వరగా చేరుతుంది. లాభనష్టాలు రెండూ చూసినవాళ్లకు ఆ నిర్ణయం మీద కోపం రాదు, ఆ మాధవి మీద బెంగ మాత్రం ఉంటుంది.

ఆ అకాడమీలో తయారైన నర్తకుల్లో శోభానాయుడు మళ్లీ ఈ వైపు మనిషే. 1956లో అనకాపల్లిలో పుట్టారు. చినసత్యం నృత్యనాటకాల్లో సత్యభామగా, పద్మావతిగా పేరు తెచ్చుకున్నారు. 1980లో హైదరాబాద్‌లో శ్రీనివాస కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి సొంతంగా నృత్యనాటకాలు కట్టారు. వాటిలో విప్రనారాయణ ఒకటి. శ్రీరంగం భక్తుడిని దేవదేవి అనే వేశ్య వలలో వేసుకున్న ఆ కథను సారంగు తమ్మయ్య వైజయంతీ విలాసంగా ఎప్పుడో చెప్పాడు, సినిమా కూడా చెప్పింది. శోభానాయుడు దాన్ని బృందంతో దేశవిదేశాలు తిప్పారు. 2001లో పద్మశ్రీ అందుకుని, 2020 అక్టోబరులో కన్నుమూశారు.

ఇదంతా పట్టణం వైపు సాగిన దారి. అదే కాలంలో కొండ పక్కన ఇంకో దారి సాగింది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో జముకుల కథ అని ఒక ఆట ఉంది. జముకు అంటే ఒకవైపు తోలు బిగించిన డొల్ల. ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ వెళుతుంది. దాన్ని బిగించి మీటితే తోలు ఒక విచిత్రమైన మూలుగు పెడుతుంది. మనిషి గొంతు సణుగుతున్నట్టూ, కేక వేస్తున్నట్టూ ఉంటుంది. దేవతల కథలు చెప్పడానికి దీన్ని వాడేవారు. శ్రీకాకుళం ఉద్దానంలో బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ ఆటను చేతిలోకి తీసుకుని రైతుల, గిరిజనుల పోరాటాన్ని కథగా చెప్పాడు. కథకుడు, వంతలు, నడక, మధ్యలో హాస్యం అన్నీ పాతవే. లోపలి మనుషులు కొత్త. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ఆయన ప్రాణం పోయింది. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, కళ చరిత్ర రాసేవాళ్లు ఆ జముకును దాటి వెళ్లలేరు.

పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఆ దారిలోనే ఇంకా ముందుకు నడిచారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. బి. నర్సింగరావు, గద్దర్‌లతో కలిసి 1972లో జననాట్యమండలికి పునాది వేసినవాళ్లలో ఒకరు. గజ్జె కట్టి ఆడుతూ పాడేవారు. ఆయన కట్టిన నృత్యరూపకం పేరు భూమి భాగోతం. ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలి. భాగవతం అంటే భగవంతుడి కథ. జనం నోట అది భాగోతమైంది. ఆ తర్వాత పట్నవాసుల మాటల్లో భాగోతం అంటే రట్టయిన గుట్టు అనే అర్థానికి దిగజారింది. ఊరు నెత్తిన పెట్టుకున్న ఆట పేరే తిట్టుగా మారడం ఆ కళాకారులకు జరిగిన పెద్ద అవమానం. వంగపండు ఆ మాటను మళ్లీ ఆటస్థలానికి తెచ్చి, దేవుడి చోట భూమిని నిలబెట్టారు. దున్నేవాడికీ భూమికీ మధ్య అలక, విరహం, రాయబారం, పోరు. భాగోతం చూసి పెరిగిన రైతుకు ఆ వరస ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అది కూడా ఊరూరా తిరిగింది. వంగపండు 2020 ఆగస్టులో పుట్టిన ఊళ్లోనే పోయారు.

చినసత్యం పారిజాతాన్నీ వంగపండు భాగోతాన్నీ ఒక వాక్యంలో చేర్చడం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకటి పట్టుచీరలూ టెంపుల్ నగలూ, రెండోది గొంగళీ కర్రా. కానీ ఇద్దరి చేతుల్లోనూ ఉన్న ముడిసరుకు ఒక్కటే. జనానికి ముందే తెలిసిన కథ, ముందే తెలిసిన ఆట. తెలిసినదాన్ని ఎక్కడ అలాగే ఉంచాలో, ఎక్కడ తుంచాలో, ఎక్కడ వేగం పెంచాలో అన్నది లెక్క. పాత భాగోతం మద్దెలగాడు నేర్పిన లెక్క అది.

ఆ మద్దెలగాళ్లు ఇంకా ఉన్నారు. అమ్మవారి జాతరలకు, పండగలకు, ప్రభుత్వ ఉత్సవాలకు తూర్పు భాగవతం వాళ్లను పిలుస్తున్నారు. సభలో ఇచ్చే సమయం పదిహేను నిమిషాలో అరగంటో. ఆ కాస్తలో భామ ప్రవేశించి, జడ చూపించి, ఒక జతి ఆడి దిగిపోవాలి. చినసత్యం రాత్రిని రెండు గంటలకు బిగించడానికి ఏళ్లు ఆలోచించారు, పక్కన సంగీతరావు లాంటివాడు కూర్చున్నాడు. పల్లె మేళానికి ఆ తీరిక ఎవరూ ఇవ్వలేదు. కార్యక్రమం పట్టీ చూసి అప్పటికప్పుడు కోసుకోమన్నారు. ఆట ముక్కలవుతోందని బాధపడేవాళ్లు ఆ కళకు ఒక మంచి సంపాదకుడినీ, ఒక మంచి పాటగాడినీ, నాలుగు నెలల అభ్యాసానికి సరిపడా జీతాలనూ చూపించాలి. శ్రీకాకుళం బాపూజీ కళామందిరంలోనో, విజయనగరం ఆనంద గజపతి ఆడిటోరియంలోనో పూర్తి రెండు గంటల తూర్పు భామాకలాపం, మాధవి పరిహాసంతో సహా, శ్రద్ధగా కట్టి ఆడితే చూడడానికి జనం ఉంటారు. మద్దెలకు అడ్డుపడకుండా మైకు ఎలా పెట్టాలన్నది కూడా అందులో భాగమే. ఇప్పుడు చాలా సభల్లో భామ గొంతు మైకులో మోగుతుంటే మద్దెల వెనకబడిపోతోంది, ఆ ఆటలో అంతకంటే పెద్ద తప్పు లేదు.

సంగీతరావు 2021లో, నూరేళ్లు నిండాక పోయారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్వతీపురం మన్యం అనే కొత్త జిల్లా వచ్చింది. నారాయణదాసు పుట్టిన అజ్జాడ ఉన్న బలిజిపేట మండలం, చిన్న గురువుగారి సాలూరు, వంగపండు పెదబొండపల్లి మూడూ ఇప్పుడు ఆ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. బస్సెక్కితే ఒక్క పగటిపూట మూడు ఊళ్లూ చూసి రావచ్చు.